న్యాయ సలహా: తుపాకీ వెంట ఉన్నవారికి రోడ్డు మీద తగాదా ఎదురైతే

గడిచిన రెండు నెలల్లో ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకే భయం కనిపించింది. రాత్రిపూట ప్రయాణం, దారి ఇవ్వలేదన్న కోపం, కారుకు అడ్డంగా ఆపిన మరో కారు, అద్దం మీద దెబ్బలు, అప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న. వాటిలో కొందరి దగ్గర లైసెన్సు ఉన్న తుపాకీ ఉంది. ఆ ఉత్తరాల నుంచి అయిదింటిని తీసుకుని, రాసినవారిని గుర్తుపట్టే వివరాలు తొలగించి, జవాబులు ఇస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇవ్వక తప్పలేదు, ఎందుకంటే మిగిలిన వాటిలోని చిక్కులన్నీ అందులోనే ఉన్నాయి.

ప్రశ్న: వకీలు గారికి నమస్కారాలు. మాది మిర్యాలగూడ, రైస్ మిల్లు నడుపుతున్నాను. పదకొండేళ్ళుగా నా దగ్గర లైసెన్సు ఉన్న రివాల్వర్ ఉంది, ఏనాడూ బయటకు తీయలేదు. పోయిన వానాకాలం కోతలప్పుడు ఒక రాత్రి తొమ్మిది దాటాక నల్లగొండ నుంచి ఒక్కణ్ణే కారులో వస్తున్నాను. తిప్పర్తి దాటిన తరువాత రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పెట్టారు. మిగిలిన సగంలో నా వెనక వస్తున్న కారు డిప్పర్ కొడుతూ, హారన్ మోగిస్తూ వచ్చింది. పక్కకు తప్పుకోవడానికి చోటు లేదు. వడ్లు దాటగానే అది నన్ను దాటి అడ్డంగా ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడు బానెట్ మీద చరిచి ‘దిగు బే, సైడ్ ఇయ్యవా’ అన్నాడు. రెండోవాడి చేతిలో రాయి ఉంది. డబ్బు కూడా కారులోనే ఉండడంతో భయపడి రివాల్వర్ తీసి చూపించాను. వాళ్ళు వెనక్కి తగ్గి తమ కారు వైపు నడిచారు. అప్పుడు నాకు కోపం ఆగలేదు. కారు దిగి, రివాల్వర్ చేతిలోనే ఉంచుకుని ‘ఇప్పుడు రండిరా’ అన్నాను. వాళ్ళలో ఒకడు ఫోనులో వీడియో తీశాడు. మర్నాడు పొద్దున నేనే వాళ్ళను తుపాకీతో చంపుతానని బెదిరించినట్టు ఫిర్యాదు ఇచ్చారు. స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. నేను చేసింది తప్పా? నా లైసెన్సు పోతుందా? (ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: మీరు కారు దిగిన సంగతి దాచకుండా రాశారు. అది మీకు నష్టం చేసే విషయమని తెలిసీ రాసినందుకు మీ మీద నాకు గౌరవం కలిగింది, అందుకే నేనూ దాచకుండా చెబుతాను. కారు తలుపు తెరవకముందు చట్టం చాలావరకు మీ వైపు ఉంది. తలుపు తెరిచిన తరువాత లేదు.

ముందుగా మొదటి భాగం చూద్దాం. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించి చెబుతాయి. తన ఒంటికి గాని, ఇతరుల ఒంటికి గాని హాని జరగబోతున్నప్పుడు అడ్డుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. దాడి వల్ల చావు గాని తీవ్రమైన గాయం గాని తప్పదన్న సహేతుకమైన భయం కలిగితే ఆ హక్కు ఎదుటివాడి ప్రాణం తీసేంతవరకు కూడా వెళుతుందని 38వ సెక్షన్ చెబుతుంది. దారికి అడ్డంగా కారు ఆపడం నేరం, బానెట్ చరిచి బెదిరించడం నేరం, చేతిలో రాయితో డ్రైవర్ అద్దం దగ్గరకు రావడం పైన చెప్పిన భయానికి ఆధారం కాగలదు. దెబ్బ తగిలేవరకు ఆగవలసిన పని లేదని, ప్రాణభయంలో ఉన్న మనిషి తన ప్రతి కదలికనూ త్రాసులో తూచి చేయలేడని సుప్రీంకోర్టు 2010లో దర్శన్ సింగ్ కేసులో ఈ హక్కు సూత్రాలను ఒకచోట కూర్చినప్పుడు స్పష్టం చేసింది. అందుచేత కారులో కూర్చుని, రాయి పట్టుకున్నవాణ్ణి ఆపడానికి రివాల్వర్ చూపించడం వరకైతే సమర్థించుకోవడానికి మీకు గట్టి వాదనే ఉంది.

అయితే ఆ మొదటి భాగంలో కూడా ఒక ప్రశ్న అడుగుతారు. మీ ఇంజన్ ఆన్‌లో ఉందా? వెనక ఖాళీ ఉందా? ప్రభుత్వ అధికారుల రక్షణ కోరడానికి వ్యవధి ఉన్నచోట ఆత్మరక్షణ హక్కు ఉండదని, హక్కు ఉన్నచోట కూడా అవసరానికి మించిన హాని చేయకూడదని 37వ సెక్షన్ అంటుంది. నిజాయితీపరుడు పిరికివాడిలా పారిపోవాలని మన న్యాయస్థానాలు ఎన్నడూ కోరలేదు. కానీ రివర్స్ గేరు వేసి నలభై గజాలు వెనక్కి వెళ్ళి అత్యవసర నంబరు 112కు ఫోన్ చేసే వీలు ఉన్నప్పుడు ఎందుకు చేయలేదని ప్రాసిక్యూటర్ తప్పకుండా అడుగుతాడు, ఆ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండాలి. వెనక వడ్ల కుప్పలు, వాటి చుట్టూ రాళ్ళు ఉన్నాయని మీరే రాశారు. రాత్రిపూట అలాంటి చోట వెనక్కి వెళ్ళడం సాధ్యం కాదన్నది నిజమైన జవాబే. ఆ చోటు ఎలా ఉందో, వడ్లు ఎంత మేర ఉన్నాయో గుర్తున్నంతవరకు ఈరోజే కాగితం మీద రాసి పెట్టుకోండి. కల్లం ఎత్తేశాక ఆ ఆనవాళ్ళు మిగలవు.

ఇక తలుపు తెరిచిన తరువాతి భాగం. ఒంటికి ప్రమాదం ఉందన్న భయం మొదలైనప్పుడు ఆత్మరక్షణ హక్కు మొదలవుతుంది, ఆ భయం ఉన్నంతసేపే ఉంటుంది. ఇది 40వ సెక్షన్ మాట. వాళ్ళు వెనక్కి తిరిగి తమ కారు వైపు నడిచినప్పుడే మీ హక్కు ముగిసింది. ఆ తరువాత మీరు దిగడం, రివాల్వర్ చేతిలో ఉండడం, ‘ఇప్పుడు రండిరా’ అనడం మూడూ కలిసి 351వ సెక్షన్ కింద బెదిరింపు నేరంగా కనిపిస్తాయి. చంపుతానన్న బెదిరింపు అయితే ఆ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు శిక్ష పడవచ్చు. పైగా 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం బహిరంగ ప్రదేశంలో తుపాకీని ఝళిపించడం నిషేధం, దానికి లైసెన్సు రద్దు కావచ్చు. మీ బానెట్ మీద దెబ్బలు పడిన రెండు నిమిషాలు ఎవరి ఫోనులోనూ లేవు. మీరు తుపాకీ పట్టుకుని నిలబడ్డ పది సెకన్లు మాత్రం వాళ్ళ ఫోనులో ఉన్నాయి. తుపాకీ బయటకు వచ్చిన ప్రతి తగాదాలోనూ ఇలాగే జరుగుతుంది, ఎందుకంటే తుపాకీ కనిపించినప్పుడే జనం ఫోన్లు తీస్తారు.

ఇప్పుడు మీరు చేయవలసిన పని చెబుతాను. స్టేషన్‌కు ఒక్కరే వెళ్ళకండి, వకీలును వెంట తీసుకుని వెళ్ళండి, కానీ వెళ్ళడం మాత్రం వాయిదా వేయకండి. మీ తరఫున కూడా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అందులో అడ్డగింపు, బానెట్ మీద దెబ్బలు, రాయి, వాళ్ళ కారు నంబరు అన్నీ రాయండి, మీరు దిగిన సంగతి కూడా రాయండి. దాన్ని వదిలేసి రాసిన ఫిర్యాదు వీడియో ముందు నిలబడదు, పైగా అందులోని నిజాలు కూడా అబద్ధాలుగా కనిపిస్తాయి. మీ కారులో డ్యాష్‌క్యామ్ ఉంటే దాని మెమరీ కార్డును వెంటనే తీసి, కొత్త కార్డు వేయండి. పాత కార్డులో పాతవి చెరిగిపోయి కొత్తవి నమోదవుతూ పోతాయి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి, అది మీ వకీలు చూసుకుంటారు. దారిలో టోల్‌గేటు దాటి ఉంటే అక్కడి సీసీ కెమెరా దృశ్యాలను భద్రపరచమని దర్యాప్తు అధికారికి దరఖాస్తు ఇవ్వండి. రాసి ఇవ్వండి, నోటిమాటగా అడగకండి.

లైసెన్సు సంగతి. 1959 నాటి ఆయుధ చట్టం 17వ సెక్షన్ కింద ప్రజల భద్రత దృష్ట్యా లైసెన్సును తాత్కాలికంగా నిలిపివేసే అధికారం, రద్దు చేసే అధికారం లైసెన్సు ఇచ్చిన అధికారికి ఉంది. నోటీసు వస్తే గడువులోగా వివరంగా జవాబు ఇవ్వండి. పదకొండేళ్ళ మచ్చలేని చరిత్ర మీకు ఉంది, అది చెప్పండి. ఉత్తర్వు మీకు వ్యతిరేకంగా వస్తే 18వ సెక్షన్ కింద అప్పీలు ఉంది. కేసు నమోదై రివాల్వర్‌ను జప్తు చేస్తే మాత్రం అది తిరిగి మీ చేతికి రావడానికి చాలా కాలం పడుతుందని మానసికంగా సిద్ధపడండి. గుడ్డసంచిలో కుట్టి, లక్క సీలు వేసి, నేర సంఖ్య రాసిన చీటీ కట్టిన తుపాకీని కానిస్టేబుల్ కోర్టు బల్ల మీద పెట్టినప్పుడు, దాని యజమాని ముఖం నేను చూశాను. ఇంట్లో నూనె రాసి, మెత్తటి గుడ్డతో తుడిచి దాచుకున్న వస్తువు అది. దాన్ని ఆయన గుర్తుపట్టి అవునని చెప్పడానికి రెండుసార్లు గొంతు సవరించుకోవలసి వచ్చింది. ఆ తగాదా కూడా దారి ఇవ్వకపోవడం దగ్గరే మొదలైంది.

ఆ రాత్రి ఏం చేసి ఉండవలసింది అన్నదానికి జవాబు మరోసారి ప్రయాణించేవారందరికీ పనికివస్తుంది. వెనక డిప్పర్ కొట్టేవాడికి దారి ఇచ్చే వీలు లేనప్పుడు ఇండికేటర్ వేసి వేగం తగ్గించండి, కొంచెం ఖాళీ దొరకగానే ఆపి పోనివ్వండి. ముందు వాహనం వెనక ఆగవలసి వస్తే దాని వెనక టైర్లు నేలను తాకేచోటు మీకు కనిపించేంత దూరంలో ఆగండి, ఆ దూరం ఉంటే స్టీరింగ్ తిప్పి పక్కనుంచి బయటపడవచ్చు. ఎవరైనా అడ్డం ఆపితే తలుపులకు లాక్ వేసి, అద్దాలు ఎత్తి, ఇంజన్ ఆపకుండా ఉంచి, 112కు ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేయండి. కిలోమీటరు రాయి మీది అంకె, దగ్గరి ఊరు, అవతలి కారు నంబరు గట్టిగా చెప్పండి, అవతలివాళ్ళకు వినపడేలా చెప్పండి. పోలీసుల పేరు వింటే సగంమంది అక్కడికక్కడే వెళ్ళిపోతారు. వెంటపడితే ఇంటికి వెళ్ళకండి, మీ ఇల్లు వాళ్ళకు చూపించవద్దు. పోలీస్ స్టేషన్, టోల్‌గేటు, వెలుతురున్న పెట్రోల్ బంకు, ఏది దగ్గరైతే అక్కడికి వెళ్ళండి. అద్దం సందులోంచి ‘అన్నా, తప్పయింది, పో’ అనడానికి మనసు ఒప్పుకోకపోవచ్చు, తప్పు మీది కాకపోతే ఇంకా కష్టం. నడుముకు తుపాకీ ఉన్నవాడు ఆ మాట అందరికంటే ముందు అనాలని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే తుపాకీ లేనివాడు తగాదా పెంచుకుంటే చొక్కా చిరుగుతుంది, తుపాకీ ఉన్నవాడు పెంచుకుంటే శవం లేస్తుంది.

చొక్కా చిరిగే తగాదా కూడా అక్కడితో ఆగుతుందన్న నమ్మకం లేదు. 1988 డిసెంబరులో పాటియాలాలో వాహనం నిలిపిన చోటు గురించి మొదలైన గొడవలో ఒక పెద్దాయన మరణించారు. అప్పటికి క్రికెటర్‌గా, తరువాత రాజకీయ నాయకుడిగా పేరున్న నవజోత్ సింగ్ సిద్ధూకు ఆ గొడవకు గాను 2022 మేలో సుప్రీంకోర్టు ఏడాది కఠిన కారాగార శిక్ష విధించింది. మధ్యలో ముప్పై మూడేళ్ళు గడిచాయి. అక్కడ ఆయుధం ఏదీ లేదు, దేహబలం ఉన్నవాడి చెయ్యి కూడా ఆయుధం కాగలదని కోర్టు చెప్పింది.

గాలిలోకి ఒక గుండు కాల్చి బెదరగొడితే తప్పు లేదని చాలామంది అనుకుంటారు. మరికొందరు టైరుకు కాలుస్తామంటారు. పైకి వెళ్ళిన గుండు ఎక్కడో ఒకచోట కిందికి వస్తుంది, టైరుకు గురిపెట్టిన గుండు రోడ్డుకు తగిలి ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. 2019లో ఆయుధ చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగేలా నిర్లక్ష్యంగా కాల్చినవారికి రెండేళ్ళ వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. ఇవేవీ ఆత్మరక్షణ కిందికి రావు. కాల్చవలసిన క్షణం అంటూ ఉంటే, అది తప్పించుకునే దారి మూసుకుపోయి, ప్రాణం పోతుందన్న భయం కళ్ళెదుట ఉన్న క్షణమే. అలాంటప్పుడు నిజంగా కాల్చవలసి వస్తే అక్కడినుంచి పరారు కాకండి. మీకు ముప్పు లేనంత దూరం జరిగి, 108కి, 112కు ఫోన్ చేయండి. తూటా గుల్లలు ఏరకండి. పోలీసులు రాగానే తుపాకీ ఎక్కడుందో ముందు చెప్పి, వాళ్ళు అడిగినప్పుడే అప్పగించండి. ఆత్మరక్షణ కోసమే కాల్చానని చూపించే భారం భారతీయ సాక్ష్య అధినియమ్ 108వ సెక్షన్ ప్రకారం మీ మీదే ఉంటుంది, కాబట్టి చెదరని ఘటనాస్థలమే మీకు మొదటి సాక్షి.

ప్రశ్న: మాది జడ్చర్ల. మా ఆయన కాంట్రాక్టు పనులు చేస్తారు. పిస్టల్‌కు లైసెన్సు ఉంది. దాన్ని కారు డ్యాష్‌బోర్డు అరలో పెడతారు. బెంగుళూరు హైవే మీద ఎవరైనా కట్ కొడితే చాలు, వెంటపడి పక్కన నిలిపి తిడతారు. అలాంటప్పుడు వెనక సీట్లో మా పాప రెండు చెవులూ మూసుకుని తల వంచుకుంటుంది. నేను ఏమన్నా అంటే ‘నువ్వు ఊకో’ అంటారు. ఆయన చెడ్డవారు కారు. ఇంట్లో ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు. ఏం చేయాలి? (ఒక సోదరి)

జవాబు: అమ్మా, మీ పాప చెవులు మూసుకోవడం దగ్గర నేను ఆగిపోయాను. ఆ పిల్లకు పిస్టల్ అరలో ఉందని తెలుసు. తండ్రి కారు దిగిన ప్రతిసారీ ఏం వినబడుతుందోనని అది ఎదురుచూస్తోంది. ఈ పేజీని ఆయనకు ఇవ్వండి, ఇకపై మాటలు ఆయనకే.

బాబూ, తుపాకీ డ్యాష్‌బోర్డు అరలో ఉండకూడదు. బహిరంగ ప్రదేశంలో తీసుకువెళ్ళే చేతి తుపాకీ మీ ఒంటి మీద, హోల్‌స్టర్‌లో, పైకి కనిపించకుండా, మీ అదుపులో ఉండాలన్నది నియమం. కారు అద్దం పగలగొట్టినవాడికి అర తెరవడం ఎంత పని? షాద్‌నగర్‌లో చాయ్ తాగడానికి మీరు దిగిన పది నిమిషాల్లో ఆ అరకు దగ్గరగా ఉన్నది మీ పాప. దొంగ చేతికి వెళ్ళినా, పిల్ల చేతికి వెళ్ళినా అడిగేది మిమ్మల్నే.

వెంటపడడం గురించి. కట్ కొట్టినవాడు ముందు తప్పు చేశాడు, నిజమే. మీరు వెంటపడి ఆపిన తరువాత దారికి అడ్డుపడ్డవారు మీరు, గొడవ వెతుక్కున్నవారు మీరు. ఆ తరువాత వాడు మీ మీదికి వచ్చినా, ఆత్మరక్షణ అన్న మాట మీ నోట నమ్మదగినదిగా ఉండదు, ఎందుకంటే తానే కోరి తెచ్చుకున్న గొడవను అడ్డం పెట్టుకుని ఆత్మరక్షణ అనేవాడి మాటను కోర్టు సులువుగా అంగీకరించదు. జడ్చర్ల నుంచి భూత్పూరు దాకా కుడి వరుసలో నత్తనడకన పోయే లారీలు, హఠాత్తుగా సర్వీసు రోడ్డులోంచి ఎక్కే ట్రాక్టర్లు, ఎదురు వచ్చే మోటార్‌సైకిళ్ళు రోజూ ఉంటాయి. వాళ్ళందరికీ బుద్ధి చెప్పే పని మీకు ఎవరూ అప్పగించలేదు. నంబరు రాసుకుని 112కు చెప్పండి, లారీ ఆగిపోయి దారికి అడ్డమైతే హైవే సహాయ నంబరు 1033 ఉంది.

అమ్మా, మళ్ళీ మీతో. కుటుంబంతో వెళ్ళే ప్రయాణాల్లో పిస్టల్ ఇంట్లో తాళం వేసిన బీరువాలో, తూటాలు వేరే చోట ఉండాలని బయలుదేరకముందే, కోపం లేని వేళ మాట తీసుకోండి. ఆయన ఒప్పుకోకపోతే పిల్లతో మీరు ఆ కారు ఎక్కకండి, బస్సులో వెళ్ళండి. ఒకసారి మీరు జడ్చర్ల బస్టాండులో బ్యాగుతో నిలబడితే, ఇన్నాళ్ళూ చెప్పిన మాటల కంటే ఆయనకు ఎక్కువ అర్థమవుతుందని నా అభిప్రాయం. ఆ కోపం ఎప్పుడైనా ఇంటి లోపలికి వస్తే మాత్రం ఆలస్యం చేయవద్దు. 2005 నాటి గృహహింస చట్టం కింద మెజిస్ట్రేటు నుంచి రక్షణ ఉత్తర్వు పొందవచ్చు, తుపాకీ సంగతి లైసెన్సు అధికారికి రాతపూర్వకంగా తెలియజేయవచ్చు.

ప్రశ్న: నేను దేవరకొండలో కారు కిరాయికి నడుపుతాను. సాగర్ వైపు రాత్రి కిరాయిలు వస్తాయి. సీటు కింద ఇనుప రాడ్డు పెట్టుకున్నాను. ఒకసారి ఇద్దరు ఆపితే ‘నా దగ్గర తుపాకీ ఉంది’ అని అబద్ధం చెప్పాను, పోయారు. ఇలా చెప్పవచ్చా? అవతలివాడి దగ్గరే నిజంగా తుపాకీ ఉంటే ఎలా? (ఒక డ్రైవర్)

జవాబు: ఆ రోజు పోయారు కాబట్టి బతికిపోయారు తమ్ముడూ, ఇంకోసారి చెప్పవద్దు. ఆ మాట నమ్మినవాడి దగ్గర నిజంగా ఆయుధం ఉంటే ముందు వాడే వాడతాడు. బొమ్మ పిస్టల్ చూపించినా అంతే, పైగా బొమ్మతో బెదిరించినా బెదిరింపు బెదిరింపే. ఇనుప రాడ్డును సీటు కింద నుంచి తీసి, జాకీ సామాను పక్కన డిక్కీలో పెట్టండి. అది చేతికి అందే చోట ఉంటే చెయ్యి దాని మీదికే పోతుంది, దాన్ని పట్టుకుని తలుపు తెరిచారంటే లాక్ వేసిన కారు ఇచ్చే రక్షణ మొత్తం మీరే వదులుకున్నట్టు. మిరియాల స్ప్రే కొనుక్కోవచ్చు, దానికి లైసెన్సు అక్కర్లేదు, అది కూడా పారిపోవడానికి కావలసిన క్షణాల కోసమే.

అవతలివాడు తుపాకీ చూపిస్తే వాడు తగవులమారా, దొంగా అన్నది గుర్తించండి. దొంగకు కావలసింది డబ్బు, ఫోను, కారు. ఇచ్చేయండి, ప్రాణంతో ఇల్లు చేరండి. తగవులమారికి కావలసింది మీరు తగ్గడం, తగ్గండి. రెండు చేతులూ స్టీరింగ్ మీద కనిపించేలా ఉంచి, కళ్ళలోకి గుచ్చి చూడకుండా, నెమ్మదిగా మాట్లాడండి. వాడు కదలగానే నంబరు నోటితో రెండుమూడుసార్లు అనుకుని 112కు చెప్పండి. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా మీకు దగ్గరలో ఉన్న స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు, భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఆ వీలు కల్పిస్తోంది. మా పరిధి కాదని ఎవరైనా తిప్పి పంపబోతే ఆ సెక్షన్ సంఖ్య చెప్పండి.

ప్రశ్న: కల్వకుర్తి దగ్గర నా కారు ముందుకు హఠాత్తుగా వచ్చిన మోటార్‌సైకిల్ తగిలి ఇద్దరు పడ్డారు. ఊరివాళ్ళు గుమిగూడి కర్రలతో వచ్చారు. నా దగ్గర లైసెన్సు తుపాకీ ఉంది కానీ తీయలేదు. భయపడి అక్కడినుంచి వెళ్ళిపోయి అరగంట తరువాత స్టేషన్‌లో హాజరయ్యాను. ఇప్పుడు పారిపోయాడని అంటున్నారు. (ఒక పాఠకుడు)

జవాబు: తుపాకీ తీయకపోవడం మీరు చేసిన మంచి పని. పడిపోయినవారి కోసం ఏడుస్తూ వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు, దారినపోయేవాళ్ళు కలిసి ఉన్న గుంపు అది. ప్రాణాంతక దాడి నుంచి కాపాడుకునేటప్పుడు అమాయకులకు హాని కలిగే ప్రమాదాన్ని కూడా భారతీయ న్యాయ సంహిత 44వ సెక్షన్ ఒప్పుకుంటుంది గానీ, కారు కదిలే స్థితిలో ఉన్న మీకు ఆ సెక్షన్ దాకా వెళ్ళే అవసరమే లేదు.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం ప్రమాదం చేసిన డ్రైవర్ గాయపడినవారికి వైద్యం అందేలా చూడాలి. గుంపు ఆగ్రహం వల్ల అది సాధ్యం కాని సందర్భాన్ని ఆ సెక్షనే మినహాయించింది. ఘటన వివరాలను వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ ఇరవై నాలుగు గంటల్లోగా స్టేషన్‌లో తెలపాలి. అరగంటలో హాజరైన మీరు ఆ బాధ్యత నెరవేర్చారు. మీరు రాయని విషయం ఒకటి ఉంది: దారిలో 108కి ఫోన్ చేశారా? చేసి ఉంటే ఆ కాల్ వివరాలు, సమయం మీ వకీలుకు ఇవ్వండి. చేయకపోతే ఆ లోటు మీద ప్రశ్నలు వస్తాయి, తగిన జవాబు సిద్ధం చేసుకోండి. గాయపడిన ఇద్దరూ ఎలా ఉన్నారో కూడా ఉత్తరంలో లేదు. వకీలు ద్వారా కనుక్కోండి, కేసు కోసం కాదు.

ప్రశ్న: నేను మాజీ సైనికుణ్ణి, గద్వాల. ఒక సంస్థకు నగదు తీసుకువెళ్ళే వాహనంలో తుపాకీతో కాపలా ఉంటాను. కొన్నిసార్లు పుల్లూరు టోల్‌గేటు దాటి కర్నూలుకు పోవాలి. నా లైసెన్సు మీద తెలంగాణ అని మాత్రమే ఉంది. మధ్యలో దాడి జరిగితే సరిహద్దు ఇవతలా అవతలా అన్నది చూస్తారా? (ఒక పాఠకుడు)

జవాబు: తప్పకుండా చూస్తారు. ఆత్మరక్షణ హక్కు తుంగభద్ర వంతెన ఇటూ అటూ ఒకటే, తుపాకీ వెంట ఉంచుకునే అనుమతి మాత్రం లైసెన్సు మీద రాసిన ప్రాంతం వరకే. అలంపూర్ చౌరస్తా దాకా మీరు లైసెన్సుదారు, వంతెన దాటాక షరతు ఉల్లంఘించినవారు. ఆయుధ చట్టం 30వ సెక్షన్ కింద అది ఆరు నెలల వరకు జైలుకు తగిన నేరం, లైసెన్సుకూ ముప్పు. అవతల నిజమైన దోపిడీని మీరు ధైర్యంగా అడ్డుకున్నా, కేసు మొదటి పేజీలో మీ మీద ఈ ఆరోపణ ఉంటుంది. మీ సర్వీసుకు అది తగిన ఫలితం కాదు.

ప్రాంత పరిధి పెంచమని లైసెన్సు ఇచ్చిన అధికారికి దరఖాస్తు పెట్టండి, పని స్వభావం వివరించే ఉత్తరం యజమాని నుంచి తీసుకుని జతచేయండి. ఆ ఉత్తర్వు చేతికి వచ్చేదాకా కర్నూలు డ్యూటీకి ఆ రాష్ట్రంలో చెల్లే లైసెన్సు ఉన్నవారిని పంపమని యజమానికి రాతపూర్వకంగా చెప్పండి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. లైసెన్సు పుస్తకం ఎప్పుడూ వెంట ఉండాలి, అడిగిన అధికారికి చూపించాలి. ఎన్నికల సమయంలో ఆయుధాలు జమ చేయమని ఉత్తర్వు వస్తే గడువుకు ముందే స్టేషన్‌లో జమ చేసి, తుపాకీ నంబరు, తూటాల సంఖ్య స్పష్టంగా రాయించి రసీదు తీసుకోండి.